వేసవి శిబిరమా? ముందు ఈత నేర్పించండి!

ఏప్రిల్ ఆఖరి వారంలో బళ్ళు మూసేస్తే మళ్ళీ జూన్ 12కి గానీ తెరవరు. అన్నాళ్ళు పిల్లల్ని ఇంట్లో పట్టి ఉంచడం ఎంత కష్టమో మీకు నేను చెప్పక్కర్లేదు. అందుకే వేసవి వచ్చిందంటే మన విశాఖలో శిబిరాల కరపత్రాలు పేపరుతోపాటే ఇంట్లోకి వచ్చి పడతాయి. బొమ్మలు వెయ్యడం, చేతిరాత, స్పోకెన్ ఇంగ్లీషు, అబాకస్, డాన్సు... చోట్లకీ కరువు లేదు. ఉక్కునగరంలో వేసవి క్రీడా శిక్షణ పాత అలవాటే. జూపార్కులో కూడా పిల్లలకి వేసవి శిబిరాలు పెట్టిన ఏళ్ళున్నాయి.

కానీ అన్నిటికీ పంపలేం కదా! మాకు ఎనిమిదో తరగతి అమ్మాయి, అయిదో తరగతి అబ్బాయి. ఇద్దరికీ కలిపి ఒక్క శిబిరానికే డబ్బు సర్దగలం. మావారు లెక్కల కోచింగ్ అన్నారు. నేను ఈత అన్నాను.

ఎందుకంటారా? జాలరిపేట పిల్లల సంగతి వేరు. సముద్రం ఒడ్డున పెరుగుతున్న మిగతా మన పిల్లల్లో ఈత వచ్చినవాళ్ళు ఎంతమంది? ఆదివారం వస్తే మాత్రం ఆర్.కె. బీచికో, ఋషికొండకో, యారాడకో బయల్దేరతాం. స్నానానికి దిగి కొట్టుకుపోయిన కుర్రాళ్ళ వార్త చూసి, "అయ్యో పాపం" అని పేపరు మడిచేస్తే సరిపోతుందా?

మా అత్తగారు ఒప్పుకోలేదు. "ఆడపిల్లకి ఈతేవిటే? ఎండకి నల్లబడిపోతుంది" అన్నారు. "నీళ్ళకి ఆడా మగా తేడా తెలీదు కదత్తయ్యా" అన్నాను. ఆవిడ మరి మాట్లాడలేదు గానీ, రెండ్రోజులు ముభావంగానే ఉన్నారు.

మా పక్కింటావిడ కూతురు సింగపూర్లో ఉంటోంది. చుట్టూ సముద్రం ఉన్న ఆ చిన్న దేశంలో 2010 నుంచి 'స్విమ్‌సేఫర్' అని పిల్లలకి ఆరు మెట్లుగా ఈత నేర్పుతున్నారు. వేగంగా ఈదడం ఒక్కటే కాదు, నీళ్ళలో ప్రాణం ఎలా కాపాడుకోవాలో కూడా అందులో పాఠమేనట. ఐక్యరాజ్య సమితి కూడా 2021లో, జులై 25ని నీటమునకల నివారణ దినంగా ప్రకటించింది.

ఇక చోటు వెతకడం. ఫీజు ఒక్కటే అడిగి వచ్చెయ్యకుండా, పిల్లలు నీళ్ళలో ఉన్న వేళకే వెళ్ళి చూశాను. ఒకచోట నలభైమంది పిల్లలకి ఒక్కడే మాస్టారు. ఇంకోచోట లోతు ఎంతో ఎక్కడా రాసి లేదు. మూడోచోట కుదిరింది. మీరు వెళ్తే ఇవి తప్పకుండా అడగండి: ఒక్కో మాస్టారికి ఎంతమంది పిల్లలు? నేర్పేవాళ్ళు కాకుండా గట్టు మీద కనిపెట్టి చూసే మనిషి ఉన్నాడా? ఆడపిల్లలకి నేర్పడానికి ఆడమనిషి, బట్టలు మార్చుకోడానికి వేరే గది ఉన్నాయా? ఎవరికైనా ఊపిరాడకపోతే ఏం చెయ్యాలో వాళ్ళకి తెలుసా?

మొదటి వారం మా అబ్బాయి మెట్టు వదల్లేదు. అమ్మాయి ముందు నేర్చుకుంది. ఈత అయ్యేసరికి పిల్లలు ఆవురావురుమంటారు. నేను చోడి అంబలిలో మజ్జిగ కలిపి, సన్నగా ఉల్లిపాయ తరిగి వేసి సీసాలో పట్టుకెళ్ళేదాన్ని. నీళ్ళలో దిగేముందు జుట్టు మంచినీళ్ళతో బాగా తడిపితే క్లోరిన్ నీళ్ళు అంతగా పీల్చుకోదు.

మూడు వారాలకి ఇద్దరూ వెల్లకిలా తేలుతున్నారు. ఆఖరి రోజు మా అత్తగారు తనంతట తనే వచ్చి, గట్టు మీద కూర్చుని మనవరాలి వంకే చూశారు. ఇంటికొచ్చాక నలుగుపిండి కలిపి పిల్ల చేతికిచ్చారు. మరో మాట అనలేదు.

అయితే ఒక్క సంగతి. కొలనులో వచ్చిన ఈత సముద్రానికి చాలదు. ఒడ్డుకి వచ్చిన అలల నీళ్ళు ఒకచోట పాయలా కూడి, జోరుగా లోపలికి లాక్కుపోతాయి. పైకి మాత్రం అక్కడ అలలు తక్కువై నెమ్మదిగా కనిపిస్తుంది. అందులో చిక్కితే ఒడ్డుకేసి ఎదురీదకూడదు. అలిసిపోతారు. తేలుతూ, చెయ్యెత్తి పిలవాలి. ఓపిక ఉంటే ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈదాలి. గట్టున ఉన్నవాళ్ళు వెంటనే దూకేయకుండా తాడో, మూత బిగించిన ఖాళీ డబ్బానో విసరాలి. ఇది పెద్దవాళ్ళకీ తెలిసి ఉండాలి.

మా పిల్లలకి ఇప్పటికీ సముద్రంలో మోకాలి లోతే హద్దు. లెక్కల కోచింగ్ దసరా సెలవుల్లో చూసుకోవచ్చని మావారే అన్నారు. ఈత బ్యాచీలు త్వరగా నిండిపోతాయి. పరీక్షల హడావుడి మొదలవకముందే, మార్చిలోనే ఒకసారి వెళ్ళి చూసి రండి.