నడక అనే పెద్ద మాట

2012 వేసవిలో కొబ్బరి దింపు తీస్తూ మా బావ చెట్టు మీదనుంచి పడ్డాడు. నాటినుండి ఛాతీకి దిగువనున్న శరీరం ఆయన మాట వినడం మానేసింది. మొన్న ఫోన్ చేసి, "ఒరేయ్, వెన్నులో కరెంటు పెట్టి నడిపిస్తున్నారటగా! వీడియో చూశాను. మనకీ అవుతుందంటావా?" అనడిగాడు.

అవుతుందంటే అబద్ధం, కాదంటే క్రూరత్వం. చదివి చెబుతానన్నాను.

రాబ్ సమ్మర్స్ అనే అమెరికన్ బేస్‌బాల్ ఆటగాణ్ణి 2006లో కారు గుద్దింది. 2009లో లూయివిల్‌లో అతని వెన్నుపామును కప్పిన పొరమీద 16 ఎలక్ట్రోడ్ల పట్టీ అమర్చారు. కరెంటు ప్రసరిస్తుండగా అతడు తన కాళ్ళమీద నిలబడ్డాడు. 2011లో లాన్సెట్ పత్రిక ఆ సంగతి ప్రచురించింది. బావ చూసిన వీడియో స్విట్జర్లాండ్‌లోని లౌసాన్ బృందానిది, 2022లో వెలువడింది.

కరెంటు తెగిన నాడులను అతికించదు. కాళ్ళను కదిలించే నాడీవలయాలు గాయానికి దిగువన, వెన్నుపాములోనే బ్రతికి ఉంటాయి. మెదడు పిలుపు అందక నిద్రపోతుంటాయి. ఈ ప్రేరణ వాటిని మెలకువ అంచుకు తెస్తుంది. గాయాన్ని దాటివచ్చే తంతువులు కొన్నైనా మిగిలి ఉంటే, ఆ సన్నని పిలుపు అప్పుడు వినబడుతుంది. అరికాలికి తెలిసే నేల కూడా వాటికొక ఆజ్ఞే.

వీడియోలో కనబడనిది నెలల తరబడి చేసిన సాధన. చేతి ఊత తప్పదు. యంత్రం ఆపితే చాలామందికి ఆ నడకా ఆగిపోతుంది. పైగా ఈ అమరిక ఇంకా పరిశోధనల పరిధిలోనే ఉంది. 2024 డిసెంబరులో అమెరికా అనుమతించిన పరికరం చర్మం పైనుండి పనిచేసేది. అదీ మెడ దగ్గర గాయపడినవారి చేతులకోసం.

ఇదంతా బావకు చెప్పాను. చివర్లో, మాటవరసకన్నట్లు, సమ్మర్స్‌కు మూత్రాశయంమీద కొంత అదుపు తిరిగివచ్చిందని కూడా అన్నాను.

"ఏదీ, ఆ ముక్క మళ్ళీ చెప్పు."

చెప్పాను. అదీ అందరికీ వస్తుందని హామీ లేదన్నాను.

"నడక సంగతి తరవాత చూద్దాంలే. రాత్రిళ్ళు గొట్టం పెట్టడానికి మీ అక్క లేస్తూనే ఉంటుంది. ఒక్క రాత్రి తెల్లవార్లూ అది నిద్రపోతే చాలురా."

వారంరోజులుగా నేను నడకకోసమే చదివాను. ఆయన అడిగింది అక్క నిద్ర గురించి. ఇప్పుడు మళ్ళీ మొదటినుండి చదువుతున్నాను.