ఎలుకకు ఖుదా హాఫిజ్



మా నానీమా వాడిన మాటలన్నీ ఒక ఫైలులో జమ చేస్తున్నాను. నేమత్‌ఖానా, సర్పోష్, ఉగాల్‌దాన్, ఛఠీ, చిల్లా... ఇంట్లోకి ఫ్రిజ్ వచ్చింది, జాలీ తలుపుల నేమత్‌ఖానా పోయింది, దాని వెనకే ఆ మాటా పోయింది. ఇలాంటి అల్ఫాజ్ ఇప్పటికి 1400 దాటాయి. పని సాగుతుండగా కుడి మణికట్టులో దర్ద్ మొదలైంది. టైపు చేసేటప్పుడు కాదు, మౌస్ పట్టుకున్నప్పుడు. డాక్టరు సాబ్ చెయ్యి చూసి, మౌస్ వాడకం బాగా తగ్గించమన్నారు. నానీమా పక్కన కూర్చుని ఆ మాటలు విన్నవాళ్ళలో ఇక మిగిలింది అమ్మీ, ఖాలా, నేను. అమ్మీకి 80 దాటాయి. పని ఆపుకునే వీల్లేదు.

అందుకే మౌస్ అక్కర్లేని ఎడిటర్‌కి మారాను. దాని పేరు విమ్. దీని పూర్వీకుడు వీఐ. 1976లో అమెరికాలోని బర్క్‌లీలో బిల్ జాయ్ అనే విద్యార్థి రాశాడు. అతను వాడిన టెర్మినల్ మీద బాణం గుర్తులు హెచ్, జే, కే, ఎల్ అక్షరాల మీదే ఉండేవి. అందుకే ఇప్పటికీ విమ్‌లో ఎడమకి హెచ్, కిందికి జే, పైకి కే, కుడికి ఎల్. చేతులు అక్షరాల మీదనుంచి లేవనక్కర్లేదు.

మొదటి రోజు అందరికీ అర్థం కానిది ఒక్కటే. ఇందులో ఒకే కీ రెండు పనులు చేస్తుంది. రాసే స్థితిలో డీ నొక్కితే అక్షరం పడుతుంది. ఎస్కేప్ కొట్టి ఆజ్ఞల స్థితికి వచ్చి డీ రెండుసార్లు కొడితే పంక్తి మొత్తం పోతుంది. మనకిది కొత్తేం కాదు. పని ఒకటే, నియ్యత్ వేరైతే ఫలితం వేరు. ఏదైనా చేసేముందు ఇప్పుడు నా నియ్యత్ ఏమిటని అడుగుతుంది విమ్, అంతే.

ఇక ఇన్‌స్టాల్ సంగతి. నాది ఉబుంటు ల్యాప్‌టాప్. టెర్మినల్‌లో వీఐ అని కొడితే ఏదో తెరుచుకుంది. కానీ రాస్తూ బాణం కీ నొక్కితే కర్సర్ కదలడం లేదు, ఏ, బీ, సీ, డీ అక్షరాలు పడుతున్నాయి! సాఫ్ట్‌వేర్‌లో పనిచేసే మా భాంజాకి ఫోన్ చేశాను.

"మామూ, అది విమ్ టైనీ. ఉబుంటుతో వచ్చే చిన్న ముక్క. అసలుది మీరే వేసుకోవాలి."

"ఏది వేసుకోవాలి బేటా? ఇక్కడ అరడజను పేర్లున్నాయి."

"విమ్-జీటీకే3 వేసుకోండి. ఉత్త విమ్ వేస్తే బయటి ప్రోగ్రాముల్లోంచి కాపీ చేసింది దాని రిజిస్టర్లలోకి రాదు."

సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ అని ఆ పేరు చేర్చి కొట్టాను. రెండు నిమిషాల పని. సరిగ్గా పడిందో లేదో చూసుకోవడానికి విమ్ వెర్షన్ అడిగితే పెద్ద జాబితా వస్తుంది. అందులో క్లిప్‌బోర్డ్ పక్కన ప్లస్ ఉంటే ఖైరియత్, మైనస్ ఉంటే వేరే ప్యాకేజీ వేసుకోవాలి.

అసలు మెహనత్ తెలుగు దగ్గర. కంప్యూటర్ కీబోర్డును తెలుగులోకి మార్చి రాస్తే రాయడం బాగానే ఉంటుంది. ఎస్కేప్ కొట్టాక మాత్రం ఆజ్ఞలు కూడా తెలుగు అక్షరాలుగానే వెళ్తాయి, విమ్‌కి అవేవీ అర్థం కావు. ప్రతిసారీ భాష మార్చుకోవడం పెద్ద తకలీఫ్. దీనికి విమ్‌లోనే ఇలాజ్ ఉంది. కీమ్యాప్ అంటారు. ఏ ఇంగ్లీషు కీకి ఏ తెలుగు హర్ఫ్ రావాలో వరసగా రాసిన చిన్న ఫైలు. ఇన్‌స్క్రిప్ట్ పద్ధతిలో భాంజా ఒకటి రాసిచ్చాడు. ఇప్పుడు రాసే స్థితిలో తెలుగు, ఎస్కేప్ కొట్టగానే మళ్ళీ ఇంగ్లీషు ఆజ్ఞలు. నేనేమీ మార్చక్కర్లేదు.

రెండో చిక్కు కనిపించడంలో. టెర్మినల్ అంటే ప్రతి అక్షరానికీ కొలిచి గీసిన గడి. మన వత్తులు, గుణింతాలు ఆ గడుల్లో ఇమడవు. రెండు మూడు టెర్మినళ్ళు మార్చి చూశాక, కాన్సోల్‌లో నాకు చదవగలిగేలా వచ్చాయి. ఛాపాకి ఇచ్చే అందం రాదు, పనికి సరిపోతుంది. ఉర్దూ వైపు చూస్తే, కుడినుంచి ఎడమకి రాసే ఏర్పాటు విమ్‌లో ఉంది గానీ గడుల్లో నస్తాలిక్ సొగసు ఆశించకండి. నానీమా మాటల్ని నేను తెలుగు లిపిలోనే రాస్తున్నాను కాబట్టి ఆ బెంగ లేదు.

ఆదత్ పడటానికి మూడు వారాలు పట్టింది. ఇన్‌స్టాల్‌తో పాటే విమ్‌ట్యూటర్ అనే పాఠం వస్తుంది, అరగంటలో ముగుస్తుంది. రోజూ ఫజర్ తర్వాత ఒకసారి చేశాను. ఇప్పుడు 1400 మాటల్ని దాదాపు అకారాది క్రమంలో పెట్టాలంటే సార్ట్ అనే ఒక్క ఆజ్ఞ చాలు. అన్నిటికన్నా ముఖ్యం, చెయ్యి నెమ్మదించింది, అల్‌హమ్దులిల్లాహ్.

ఉత్తరాలకీ, పెళ్ళి రుఖాలకీ ఇది వద్దు, వాటికి మామూలు వర్డ్ లాంటివే హాయి. నాలాగా ఏళ్ళ తరబడి ఒకే సాదా ఫైలులో రాసుకుంటూ పోయేవాళ్ళకి మాత్రం చెబుతాను, ఒకసారి చూడండి.

విమ్ ఉచితం. కానీ ఖాళీగా తెరిస్తే మొదటి తెరమీద చిన్న విన్నపం కనిపిస్తుంది, ఉగాండాలోని పేద పిల్లలకి సాయం చేయమని. రాసినవాడు బ్రామ్ మోలెనార్, నెదర్లాండ్స్ ఇంజనీరు. 1991లో విమ్‌ని లోకానికిచ్చాడు. 1994లో ఉగాండాలోని కిబాలేలో పిల్లల కేంద్రానికి నీళ్ళు, పారిశుధ్యం పని మీద వెళ్ళాడు. ఎయిడ్స్ తల్లిదండ్రుల్ని తీసుకుపోగా యతీమ్‌లైన పిల్లలెందరో అక్కడ. తిరిగొచ్చి వాళ్ళ కోసం ఒక సంస్థ పెట్టాడు. నాకు డబ్బులివ్వొద్దు, ఇస్తే ఆ పిల్లలకివ్వండి అన్నట్టుగా తన సాఫ్ట్‌వేర్‌ని నడిపాడు. 2023 ఆగస్టు 3న చనిపోయాడు. ఆ విన్నపం మాత్రం తెర మీద అలాగే ఉంది.

యతీమ్ నెత్తిన చెయ్యి పెట్టడం ఎంత పెద్ద పనో మనకి ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. ఈసారి రమ్‌జాన్‌లో నేను తీసే సద్‌ఖాలో ఒక చిన్న హిస్సా ఆ పిల్లల పేర పక్కన పెట్టాను. మా నానీమా మాటలు బతకడానికి పనికొచ్చిన పరికరం అది. దానికి చెల్లించాల్సిన ఖరీదు ఏదైనా ఉంటే అది ఇదే అనిపించింది.