గద్వాల మిద్దెకు ఉడుకునీళ్లు

నవంబర్ 18, గద్వాల

కోట దాపున పాత మిద్దె బేరం కుదిరింది. రాతి గోడలు, కర్ర దూలాలు, పైన మట్టి కప్పు. ఇల్లంతా చూసి అమ్మ అడిగింది ఒక్కటే: "పొద్దుగాల ఉడుకునీళ్లు దొరుకుతయా బిడ్డా?" ఇల్లు వెచ్చబెట్టుకునే అక్కర ఈ ఊళ్లో లేదు, ఆ మందపాటి గోడలు చాలు. చలికాలంలో చింతంతా స్నానం నీళ్లదే.

నవంబర్ 21

సోలార్ పెట్టించమని చుట్టాలందరి మాట. మేస్త్రి నిచ్చెనెక్కి చూసొచ్చాడు. "100 లీటర్ల ట్యాంకంటే నీళ్లే క్వింటాలు సారూ. దూలం ఒకపక్క చెద తిన్నది, ఓర్సుకోదు."

పెరట్లో స్టాండు మీద పెడదామంటే వేపచెట్టు నీడ. ఆ చెట్టు కొట్టించను. బోరు నీళ్లకు బిందె అడుగునే తెల్లగా గార కడుతోంది, సోలార్ గొట్టాలను వదులుతుందా? ఏప్రిల్, మే వస్తే కుళాయి నీళ్లే చెయ్యి కాలుస్తాయి. చలి మూడు నెలలకోసం అంత పెట్టే బదులు దూలం మార్పిస్తాను.

నవంబర్ 27, నాగర్‌కర్నూల్

చిన్నమ్మ ఇంట్లో గ్యాస్ గీజర్ బాత్రూంలోనే ఉంది. చలిగాలి రాకుండా వెంటిలేటర్‌కు అట్టముక్క అడ్డం పెట్టారు! గుండె ఝల్లుమంది. మూసిన గదిలో ఆ మంటకు గాలి చాలక కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. తల తిరుగుతోందని తెలిసేలోపే మనిషి పడిపోవచ్చు. అట్ట పీకేశాను. గీజర్ బయటి గోడకు మార్చేదాకా ముట్టనని చిన్నమ్మతో ఒట్టు వేయించుకున్నాను.

డిసెంబర్ 3

ఇక కరెంటు గీజరే. 2000 వాట్లదైతే 9 ఆంపియర్ల దాకా లాగుతుంది. ఇంట్లో ఉన్నవేమో చెక్కపట్టీల మీది పాత తీగలు, ఎర్తింగ్ లేనేలేదు. మీటరు దగ్గర్నుంచి విడిగా 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, పెరట్లో ఎర్త్ గుంత, కరెంటు లీకైతే సరఫరా తెంచే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ సామాను చీటీలో రాయించాను. దీంట్లో బేరమాడను. 20 లీటర్ల బకెట్టును 20 డిగ్రీలు వేడెక్కించడానికి కాలేది అర యూనిట్ లోపే.

డిసెంబర్ 9, వనపర్తి

సామాను కొన్నాను. సంస్థానం ప్యాలెస్‌లో నడుస్తున్న పాలిటెక్నిక్ ముందు కాసేపు నిలబడ్డాను. రాజులు మసలిన గోడల నడుమ పిల్లలు చదువుకుంటున్నారు. పాతిల్లు కొన్నందుకు ధైర్యమొచ్చింది.

అమ్మ రాగి బాయిలర్‌కు మాటు వేయించాను. పండక్కి చుట్టాలొస్తే పెరట్లో అదే. పత్తి ఏరడాలు అయ్యాక చేలల్లో కాలబెట్టే కట్టె కావలసినంత దొరుకుతుంది.

డిసెంబర్ 14

గీజర్ బిగించారు. పాతిల్లు కొనేవాళ్లు ఏ కంపెనీ గీజర్ అని అడిగేముందు ఎర్త్ ఉందో లేదో చూపించుకోండి. బకెట్లో రాడ్ పెట్టుకునేవాళ్లు ప్లగ్ పీకాకే నీళ్లలో వేలు పెట్టండి.