మడకశిర నుంచి తెచ్చిన ఫారాలు

మా అయివారు బడికి ఒక పూట సెలవిచ్చి, సైకిలెక్కి మడకశిర పోయి నవోదయ ప్రవేశపరీక్ష ఫారాలు తెచ్చారు. 1992 చలికాలం. ఐదో తరగతిలో ఉన్నవాళ్ళం పదిమందికి తక్కువే అయినా అందరికీ సరిపడా ఫారాలు లేవు. ఎవరికివ్వాలో ఆయనే తేల్చారు. జిల్లా మొత్తంలో తెలివైన పిల్లల్ని ఏరే పనిలో మొదటి జల్లెడ అదే. ఆ సైకిలు కదలకపోతే మా ఊరికి సంబంధించినంతవరకూ పరీక్ష అక్కడికక్కడే అయిపోయినట్టు. పక్క ఊళ్ళోనూ చురుకైన పిల్లలుండేవాళ్ళు. నవోదయ అనే మాటే వాళ్ళ చెవిన పడలేదు.

పరీక్షలో పెద్దవాటా బొమ్మలది. నాలుగింటిలో కలవని బొమ్మ ఏది, అద్దంలో చూస్తే ఎట్లా కనిపిస్తుంది, కాగితాన్ని ఇట్లా మడిచి ఇక్కడ బొక్క పెడితే విప్పినాక ఎట్లా ఉంటుంది. లెక్కలూ తెలుగూ మాకు బళ్ళో చెప్పినవే గానీ, ఈ బొమ్మలేంటో అయివారికే కొత్త. ఆయన పాత పేపరు నాలుగు మడతలు పెట్టి, చెనిక్కాయల మూటలు కుట్టే దబ్బనంతో పొడిచి, మా ముందు పట్టుకునేవారు. "విప్పకముందే చెప్పండ్రా, ఎన్ని బొక్కలు, యాడాడ?" మేమింకా వేళ్ళు మడుస్తుండగానే మా వెనక వీధి పిల్లోడు చెప్పేసేవాడు. ఒకసారి కాగితాన్ని మూలకు మడిచి పొడిచారు. అందరం తడబడ్డాం. వాడు మాత్రం లేచి, పలకమీద చుక్కలు పెట్టి చూపించాడు. విప్పి చూస్తే అచ్చం అట్లాగే ఉంది.

ఆ ఏడు చెనిక్కాయ పంట పోయింది. సంక్రాంతి కాగానే వాళ్ళమ్మా నాయనా పిల్లల్ని వెంటబెట్టుకుని బెంగుళూరికి మట్టిపనికి పోయారు. మా వైపు ఊళ్ళకు అదేం కొత్త కాదు, తాళమేసిన ఇళ్ళను చూసి వాన సంగతి చెప్పొచ్చు. వాడి హాల్‌టికెట్ అయివారి బల్లసొరుగులోనే ఉండిపోయింది. నవోదయ పరీక్ష ఒక్కసారే, రెండోసారి రాయడానికి వీల్లేదు. పదేళ్ళ పిల్లవాడి బతుకులో ఒక ఆదివారం పూటకు అంత బరువు పెట్టడం నాకిప్పటికీ మింగుడుపడదు. ప్రవేశపరీక్ష పెట్టే ఏ బడి గురించైనా నేను మొదట అడిగేది అందుకే: అందుకోలేనివాడికి ఇంకో దారి ఏదన్నా ఉందా? వాడు బెంగుళూరులోనే సెంట్రింగ్ పనిలో కుదురుకున్నాడు. ఇంజనీరు గీసిన ప్లాను చూసి ఎక్కడ ఎంత చెక్క కావాలో నోటితో చెప్పేస్తాడని ఊరోళ్ళు అంటుంటారు.

నాకు సీటొచ్చింది. ఇంట్లో సంబరం కంటే రభసే ఎక్కువ. "పదేండ్ల పిల్లోన్ని ఎవురి కొంపకు పంపుతావురా?" అని జేజి రెండు పూటలు ముద్ద ముట్టలేదు. "గవుర్మెంటు బడిమ్మా, తిండీ బట్టా పుస్తకాలూ అన్నీ వాళ్ళవే, మనకు రూపాయి కర్చుల్యా" అని నాయన పదేపదే చెప్పాడు. నన్ను పంపించింది నా తెలివి కాదు, ఆ చివరి మాటే. హిందూపురంలో ట్రంకు పెట్టె కొన్నాం. తాళం చెవి నా మొలతాడుకి కట్టి, లేపాక్షిలోని నవోదయలో దించి, నాయన సాయంత్రం బస్సుకి వెనక్కి పోయాడు.

అప్పటికి నవోదయలు వచ్చి ఎన్నో ఏళ్ళు కాలేదు. జిల్లాకొకటి చొప్పున ఆరో తరగతి నుంచి చదివించే కేంద్ర ప్రభుత్వ బళ్ళు ఇవి. ఏటా 80 మందిని తీసుకుంటే అందులో కనీసం 75 శాతం పల్లెటూరి పిల్లలై ఉండాలి, మూడోవంతు ఆడపిల్లలు ఉండాలి. 1985-86లో మొదటి రెండూ హర్యానాలోని ఝజ్జర్లో, మహారాష్ట్రలోని అమరావతిలో మొదలయ్యాయి. 1986 జాతీయ విద్యా విధానం వచ్చేసరికి కేంద్రంలో విద్య చూసే శాఖకు మంత్రి మన పీవీ నరసింహారావు. పిల్లల్ని ఏరి ఒకచోట ఉంచి చదివించే ఆలోచన ఆయనకి కొత్తది కాదు. నల్లగొండ జిల్లా సర్వేల్లో 1971లో గురుకులం మొదలైనప్పుడు రాష్ట్రానికి ముఖ్యమంత్రి ఆయనే. ఆ వరసలోదే కొడిగేనహళ్ళి గురుకులం. అదీ హిందూపురానికి దగ్గరే. కాబట్టి హిందూపురానికి ఇటు కేంద్రం బడి, అటు రాష్ట్రం బడి, రెండూ పిల్లల్ని ఏరుకునేవే. మా వైపు వాళ్ళు ఈ రెంటినీ పోల్చి మాట్లాడుకోవడం రచ్చబండ మీద రాజకీయాలంత మామూలు. కొడిగేనహళ్ళిలో తెలుగు బాగా చెప్తారని ఒకరంటే, నవోదయలో ఇంగ్లీషు వస్తుందని ఇంకొకరు. చదివినవాళ్ళని మాత్రం ఎవరూ అడిగేవాళ్ళు కాదు.

మమ్మల్ని నాలుగు హౌసులుగా పంచారు. ఆరావళి, నీలగిరి, శివాలిక్, ఉదయగిరి. దేశంలోని నవోదయలన్నిటిలోనూ ఇవే పేర్లు. శివాలిక్ ఎక్కడుందో తెలియకుండానే నేను శివాలిక్ వాణ్ణయ్యాను. పొద్దున చీకటితో పీటీ, ప్రార్థన హిందీలో, పాఠాలు తెలుగులో. ఎనిమిది దాకా మాతృభాషలోనే చెప్పాలన్నది నియమం, ఆ మీదట ఇంగ్లీషూ హిందీ. మొదటి యూనిట్ టెస్టులో మా తరగతికి గట్టి దెబ్బే తగిలింది. ప్రతివాడూ వాడి ఊళ్ళో ఫస్టే. ఇక్కడ ముప్పయ్యో ర్యాంకు, నలభయ్యో ర్యాంకు అనే మాటలు మాలో ఎవరూ వినివుండలేదు. కొందరు దాంతోనే కుదురుకున్నారు, కొందరు ముడుచుకుపోయారు. తెలివైనవాళ్ళందరినీ ఒకచోట చేర్చితే కలిగే నష్టాల్లో ఇదొకటి. ఏ పట్టికలోనూ కనపడదు.

లాభం ఏమిటంటే నాకు ముందు గుర్తొచ్చేది డ్రాయింగు సారు. మా ఊరి బళ్ళో అయిదు తరగతులకూ అయివారు ఒక్కరే. ఇక్కడ బొమ్మలకొకరు, పాటలకొకరు, లైబ్రరీకొకరు. ఒక ఆదివారం ఆయన మమ్మల్ని వరుసకట్టించి వీరభద్రస్వామి గుడికి తీసుకుపోయారు. పెద్దనంది దగ్గరా, వేలాడే స్తంభం దగ్గరా మేం ఆగిపోతుంటే "అది చూట్టానికి జనం వస్తారు, మీరు రండి" అని గదిమి, పైకప్పు లేని లతా మండపంలోకి నడిపించారు. స్తంభానికొక రకం లతలు, చక్రాలు, వలలు, పూలు. చీరల అంచుల మీదికి పాకిన లేపాక్షి డిజైన్లకు పుట్టిల్లు ఆ రాళ్ళే. తలా ఒక నమూనా కాగితం మీద దింపాలి. నాకొచ్చింది ఒకదాన్లోంచి ఒకటి దూరిపోయే గళ్ళ వరస. గీస్తూ గీస్తూ ఎక్కడ మొదలెట్టానో మర్చిపోయి నాలుగుసార్లు చెరిపాను. సారు పక్కన చతికిలబడి, పుల్లతో నేలమీద ఒక్క గడి గీశారు. "మొత్తం గీయొద్దు. ఈ ఒక్కటీ పట్టుకో. తిప్పితే రెండోది, బోర్లిస్తే మూడోది" అన్నారు. పరీక్షకని బట్టీపట్టిన అద్దం బొమ్మలూ తిప్పుడు బొమ్మలూ నాకు అర్థమైంది ఆ నేలమీద. శిల్పులకి నాలుగైదు వందలేళ్ళ కిందటే ఆ పరీక్ష పాసయ్యే తెలివి ఉంది, వాళ్ళకి ఫారం ఎవరిచ్చారో!

ఆ సారు క్యాంపస్‌లోనే కాపురముండేవారు. లెక్కల మేడమూ అంతే. రాత్రి స్టడీ అవర్లో అనుమానమొస్తే లేచివెళ్ళి అడగడమే. ఇంట్లో దీపం, చాప, చదువుకున్న పెద్దమనిషి, ఈ మూడూ ఉన్న పిల్లలకి నవోదయ కొత్తగా ఇచ్చేది తక్కువే. ఒక్కటీ లేనివాడికి మూడూ ఒకేసారి దొరుకుతాయి. ఫలితాలు చూపించి "ఏరుకున్న పిల్లలు కదా, వస్తాయి" అనేవాళ్ళతో నాకు సగమే ఒప్పుదల. ఏరడం వల్ల వచ్చినదెంతో, రాత్రి తొమ్మిదికి తలుపు కొడితే తీసే మేడం వల్ల వచ్చినదెంతో విడదీసి చూస్తే రెండోదే ఎక్కువ తూగుతుందని నా లెక్క. మా వెనక వీధి పిల్లోడికీ అదే పనిచేసేది. పరీక్ష తప్పినవాడికి కూడా పనిచేసేది.

తొమ్మిదిలో మైగ్రేషన్ వచ్చింది. హిందీ ప్రాంతపు బడికీ మనలాంటి బడికీ మధ్య తరగతిలో ముప్పై శాతం మందిని అటూ ఇటూ మార్చడం నవోదయల పద్ధతి. మాలో కొందరు ఏడుస్తూ పోయారు, ఉత్తరాది నుంచి కొందరు అంతకంటే ఎక్కువ ఏడుస్తూ వచ్చారు. నా పక్క మంచంవాడికి మొదటి వారమే తెలుగు తిట్లు వచ్చేశాయి, అంకెలు రావడానికి నెల పట్టింది. మా అమ్మ పంపిన ఊరిబిండిని చపాతీలో చుట్టుకుని తింటూ, అయిపోగానే సీసా వాసన చూసేవాడు. దేశం గురించి పాఠ్యపుస్తకం చెప్పినదానికన్నా వాడి దగ్గరే ఎక్కువ నేర్చుకున్నాను. బడికి మార్కులేయమంటే పరీక్ష ఫలితాల కంటే పైన నేను దీన్నే వేస్తాను. అయితే ఆ వయసులో ఇంటికి అంత దూరం పంపడం అందరికీ పడదు. పడనివాళ్ళని చేతకానివాళ్ళన్నట్టు చూడటం మాత్రం తప్పే.

మా చెల్లెలి కూతురు ఇప్పుడు ఐదు చదువుతోంది. ఫారం కోసం సైకిలెక్కే పని లేదు, ఆన్‌లైనే, ఫీజూ లేదు. 80 ప్రశ్నలు, రెండు గంటలు, సగం ఇప్పటికీ బొమ్మలే. టౌన్లలో దీనికి కోచింగులు, హాస్టళ్ళూ వచ్చేశాయి. దబ్బనంతో పొడిచి చూపించే చదువు నెలకింత అని అమ్ముడుపోతోంది. కొనుక్కోలేనివాడు మళ్ళీ మొదటి జల్లెడ దగ్గరే ఆగుతాడు. "రాయించమంటావా అన్నా?" అని చెల్లెలు అడిగింది. రాయించమన్నాను, కోచింగు మాత్రం వద్దన్నాను. పాప ఇంతసేపూ విని, "మామా, అక్కడ ఫోనిస్తారా?" అంది.

"ఇవ్వరు."

"నచ్చకుంటే వచ్చేయొచ్చా?"

వచ్చేయొచ్చన్నాను. అయితే రాస్తానంది.