మళ్ళీ కలం పట్టిన వేళ

చేతిరాత బాగుంటే తలరాత బాగుంటుందని పెద్దలంటారు. చిన్ననాట ఆ మాటను ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. దాని బరువు మాత్రం ముప్పై రెండేళ్ళ వయసులో, 2024 జూలై నెలలో, బాన్సువాడలోని మా ఇంటి వసారాలో తెల్లకాగితం ముందు కూర్చున్ననాడు తెలిసింది.

ఆ యేడు జూన్ 9న తెలంగాణలో గ్రూప్-1 ప్రాథమిక పరీక్ష జరిగింది. 150 ప్రశ్నలకు వృత్తాలు నింపితే చాలు. ప్రధాన పరీక్షకు అర్హత పొందిన 31,382 మందిలో నేనూ ఒకణ్ణి. ఆ పరీక్ష తీరు వేరు. సాధారణ వ్యాసం అనే పత్రంలో మూడు గంటలలో మూడు వ్యాసాలు రాయాలి. ఒక్కొక్కటి సుమారు వేయి పదాలు ఉండాలి. అంతా స్వహస్తంతోనే. అప్పటికి పదేళ్ళుగా కంప్యూటరే నా జీవనాధారం. సంతకానికి తప్ప నేను కలం పట్టింది లేదు.

మొదటి రోజు గడియారం ఎదురుగా పెట్టుకొని రాశాను. గంట గడిచినా నాలుగు వందల పదాలు దాటలేదు. బొటనవేలు బిగుసుకుపోయింది. సగం పేజీ తరువాత నా అక్షరాలను నేనే గుర్తించలేకపోయాను. తెర మీద రెండక్షరాలు కొట్టగానే పూర్తి పదం ప్రత్యక్షమయ్యేది. కాగితం మీద ‘విద్యార్థి’ అని రాయబోయి, ఒత్తు ‘థ’యా, ‘ధ’యా అని ఆగిపోయాను. ఆ సందేహం ఎన్నేళ్ళుగా నాలో దాగి ఉన్నదో!

అంతకంటె పెద్ద లోపం మరొకటి బయటపడింది. కంప్యూటరు మీద నడుమ నుండి మొదలుపెట్టి, పేరాలను ముందుకూ వెనుకకూ జరుపుకోవడం నాకు అలవాటు. కాగితం మీద రాసిన వాక్యం రాసినచోటనే ఉంటుంది. ముగింపు తెలియకుండా ఆరంభించిన వ్యాసం మూడవ పేజీలో దారి తప్పింది. కొట్టివేతలతో కాగితం నల్లబడింది.

మా నాన్నగారు దస్తావేజు లేఖరి. ఆయన చేతిరాతను దూరం నుండే గుర్తుపట్టేవారు. 1998లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రిజిస్ట్రేషన్ కార్యాలయాలలో ‘కార్డ్’ పేరిట కంప్యూటర్లు ప్రవేశించాయి. క్రమంగా దస్తావేజులు కూడా టైపు చేసినవే రాసాగాయి. ఆయన కలం మూలబడింది. కొడుకు కంప్యూటరు నేర్చినందుకు సంతోషించిన ఆ మనిషి, తన కలం సంగతి ఎన్నడూ ప్రస్తావించలేదు.

ఆ సాయంత్రం నేను చింపి పడేసిన కాగితాలను ఆయన ఏరి చదివారు.

“బిడ్డా! స్టాంపు కాగితం మీద కొట్టివేత పడితే, దాని కింద మళ్ళ సంతకాలు పెట్టియ్యాలె. అందుకే ముందు మనసుల రాసుకొని, తర్వాత కాగితం మీద రాసేటోళ్ళం. భూమికి నాలుగు దిక్కుల హద్దులుంటయి. నీ వ్యాసానికి హద్దులేవి?” అని అడిగారు.

“బాపూ, రాస్తుంటే అవే వస్తాయనుకున్నాను” అన్నాను.

“హద్దులు తెలియని భూమిని ఎవరూ కొనరు” అని ఆయన నవ్వారు.

మరునాడు నిజాంసాగర్‌ను విషయంగా ఎన్నుకున్నాను. రాయడానికి ముందు ఐదు నిమిషాలు కలం మూసి, నాలుగు హద్దులు నిర్ణయించుకున్నాను. మంజీర నదిపై 1923లో ఆరంభమై 1931లో పూర్తయిన నిర్మాణ చరిత్ర మొదటిది. మా ప్రాంతపు వరి మళ్ళకూ, చెరకు తోటలకూ కాలువలు చేసిన మేలు రెండవది. పూడిక పేరుకోవడం, ఎగువన సింగూరు జలాశయం రావడం వలన కలిగిన ఇబ్బందులు మూడవది. నీటిని పొదుపుగా వాడుకునే మార్గాలు నాలుగవది. ఆనాడు కలం తడబడలేదు. కాలువ గట్టున పెరిగిన నాకు ఆ విషయం ఇంత తెలుసునని అంతవరకు నాకే తెలియదు.

అప్పటి నుండి ప్రతి ఉదయం ఒక వ్యాసం రాశాను. కలాన్ని గట్టిగా నొక్కకుండా, మణికట్టుకు బదులు ముంజేతిని కదపడం నాన్నగారు నేర్పారు. తప్పిన ఒత్తులను వేరే పుస్తకంలో పదేసిసార్లు రాయించారు. సెప్టెంబరు చివరికి గంటలో తొమ్మిది వందల పదాలకు చేరుకున్నాను. అక్టోబరు 22న హైదరాబాదులో మూడు వ్యాసాలనూ పూర్తిచేసి, గంట మోగకముందే కలం మూశాను.

ఆ ఉద్యోగం నాకు లభించలేదు. బాధ కలిగిన మాట నిజం. కాని ఆ మూడు నెలలలో నాకు ఏమి తెలుసునో, ఏది తెలుసునని భ్రమపడుతున్నానో స్పష్టమయింది. మా నాన్నగారి విద్య ఎంత గొప్పదో కూడా అప్పుడే గ్రహించాను.

విద్యార్థులారా! కంప్యూటరు మీకు తప్పనిసరి. నాకూ అదే అన్నం పెడుతున్నది. అయితే ఏటా వేసవి ముంగిట పరీక్షా మందిరంలో మూడు గంటలు మీకు తోడుండేది కలమొక్కటే. దానితో స్నేహాన్ని పరీక్షకు ముందురోజు మొదలుపెట్టకండి. రోజుకొక పుట రాయండి. రాసేముందు హద్దులు చూసుకోండి.

ఈ వ్యాసాన్ని సైతం మొదట కాగితం మీద రాసి, తరువాతనే టైపు చేశాను. నాన్నగారు చదివి ఒక్క ఒత్తును మాత్రం దిద్దారు.