దొరే వేషం కడితే

పగటివేషగాళ్లు వచ్చారంటే ఊరంతా పనులు వదిలి బయటికి వచ్చేదని మా తాతలు చెప్పేవారు. అవి మేము చూసింది తక్కువే గానీ పిట్టలదొరను మాత్రం మాలో చాలామందిమి చూశాం. పాత ఖాకీ బట్టలు, నెత్తిన టోపీ, భుజాన కట్టె తుపాకి. తనకు వేల ఎకరాల భూమి ఉందనీ, ఆకాశంలో మేడ కట్టించాననీ అతను కోతలు కోస్తుంటే పొట్ట పట్టుకుని నవ్వేవాళ్లం. గింజలు అడుక్కుని బతికేవాడు దొర వేషం కట్టి దొరతనాన్నే ఎగతాళి చేసేవాడు. నిజమైన దొర అరుగు మీద కూర్చుని చూసేవాడు. నచ్చితే నాలుగు గింజలు పెట్టించేవాడు, నచ్చకపోతే మొహం ముడుచుకునేవాడు. అంతేగానీ తాను లేచి వచ్చి ఆ కట్టె తుపాకిని భుజాన వేసుకునేవాడు కాదు.

ఇప్పుడు దొరే వచ్చి వేషం కడుతున్నాడు. రాజకీయ నాయకులు టీవీ హాస్య కార్యక్రమాలకు అతిథులుగా రావడమే కాదు, ఒక రాత్రికి ఆ కార్యక్రమాన్ని తామే నడిపిస్తున్నారు. ఈ వార్షికోత్సవ సంచికలో దీని గురించి నాలుగు మాటలు పంచుకోవాలని మా గది మిత్రులమంతా అనుకున్నాం. చదువు గురించి రాయకుండా టీవీ గురించి ఏమిటని పెద్దలు అనవచ్చు. నాయకుడిని ఎలా చూడాలో తెలుసుకోవడం కూడా చదువేనని మా నమ్మకం.

2013లో ఈటీవీలో 'జబర్దస్త్' మొదలైనప్పుడు మేము హాస్టల్లోనే ఉన్నాం. గురువారం రాత్రి స్టడీ అవర్ అయిపోగానే డైనింగ్ హాల్లో ఉన్న ఒక్క టీవీ ముందు ట్రంకు పెట్టెలు వేసుకుని కూర్చునేవాళ్లం. ముందు వరుస సీనియర్లది, కిటికీ బయట ఆరో తరగతి పిల్లలది. న్యాయనిర్ణేతల కుర్చీల్లో నాగబాబు గారు, రోజా గారు. 2014 ఎన్నికల్లో రోజా గారు నగరి నుంచి శాసనసభకు గెలిచారు. ఉదయం పేపర్లో అసెంబ్లీ వార్తల్లో కనిపించే మనిషే రాత్రి టీవీలో స్కిట్లకు మార్కులు వేసేవారు. ఆమె 2019లో మళ్లీ గెలిచి, 2022 ఏప్రిల్లో మంత్రి పదవి చేపట్టినప్పుడు ఆ కార్యక్రమం నుంచి తప్పుకున్నారు. 2019లో నాగబాబు గారు కూడా నరసాపురం నుంచి లోక్‌సభకు పోటీ చేశారు. ఇద్దరూ సినిమాల నుంచి వచ్చినవారే కాబట్టి అప్పట్లో మాకు అది వింతగా అనిపించలేదు. సినిమావాళ్లు కాని నాయకులు కూడా ఇలా చేస్తారా అన్న ప్రశ్న, డిగ్రీకి వచ్చి చేతికి ఫోన్లు వచ్చాక పుట్టింది. వెతికితే చాలా సంగతులు తెలిశాయి.

అమెరికాలో 'సాటర్‌డే నైట్ లైవ్' అనే హాస్య కార్యక్రమం 1975 నుంచి నడుస్తోంది. న్యూయార్క్ నుంచి శనివారం రాత్రి ప్రత్యక్ష ప్రసారం. వారానికొక అతిథి వ్యాఖ్యాత వస్తాడు. మొదట ఒంటరిగా వేదిక మీద నిలబడి కొద్దిసేపు మాట్లాడతాడు. ఆ తర్వాత స్కిట్లలో వేషాలు వేస్తాడు. ఆ స్కిట్లు చాలావరకు కార్యక్రమ రచయితలు రాసేవే. అప్పటి అధ్యక్షుడు జెరాల్డ్ ఫోర్డ్ తడబడి పడిపోతున్నట్టు చెవీ చేజ్ అనే నటుడు ఆ కార్యక్రమంలో చేసి చూపించేవాడు. దేశమంతా నవ్వింది. అప్పుడు వైట్ హౌస్ వాళ్లు కోప్పడి కూర్చోలేదు. 1976 ఏప్రిల్ 17న అధ్యక్షుడి పత్రికా కార్యదర్శి రాన్ నెస్సెన్ స్వయంగా వెళ్లి కార్యక్రమం నడిపాడు. ఫోర్డ్ కూడా కొన్ని మాటలు రికార్డు చేసి పంపాడు. తన మీద నవ్వేవాళ్లతో కలిసి తానూ నవ్వితే ఆ నవ్వులో పదును తగ్గుతుందని వాళ్ల ఆలోచన కావచ్చు. అయినా అదే ఏడాది నవంబరులో ఫోర్డ్ ఓడిపోయాడు. కాబట్టి నవ్వించినవాడికల్లా ఓట్లు పడతాయని మేము అనడం లేదు.

మనలాంటివాళ్లు తప్పక తెలుసుకోవలసింది జూలియన్ బాండ్ కథ. ఆయన నల్లజాతి ఉద్యమ నాయకుడు. జార్జియా శాసనసభకు ఎన్నికైతే, వియత్నాం యుద్ధాన్ని వ్యతిరేకించే ప్రకటనను సమర్థించాడని 1966 జనవరిలో ఆయనను సభలో కూర్చోనివ్వలేదు. సుప్రీంకోర్టుకు వెళ్లి, అదే ఏడాది డిసెంబరులో ఏకగ్రీవ తీర్పుతో తన సీటు తాను దక్కించుకున్నాడు. అంతటి మనిషి 1977 ఏప్రిల్ 9న ఈ కార్యక్రమాన్ని నడిపాడు. అందులో గారెట్ మోరిస్ అనే నల్లజాతి నటుడితో కలిసి ఒక స్కిట్ చేశాడు. నల్లవాళ్లలో రంగు తక్కువ నలుపు ఉన్నవాళ్లకు తెలివి ఎక్కువ అన్నది అందులోని జోకు. బాండ్ గారి రంగు తేలికే. అది జాతి అహంకారాన్ని వెక్కిరించడానికి రాసిన జోకే కావచ్చు. కానీ ఆ స్కిట్ ప్రమాదపు అంచున ఉందని అప్పుడే తనకు అనిపించిందనీ, తర్వాత కూడా ఆ ఇబ్బంది పోలేదనీ ఆయనే చెప్పుకున్నాడు. సభలో ఎవరి మాటకూ తలవంచని మనిషి నోట, ఆ రాత్రి వేరేవాళ్లు రాసిన మాట పలికింది. మన టీవీ స్కిట్లలోనూ నల్లగా ఉన్నవాడు, లావుగా ఉన్నవాడు, ఆడవేషం కట్టినవాడు ఎన్నిసార్లు జోకు అయ్యారో గుర్తు చేసుకోండి. పక్కన గౌరవనీయులెవరో కూర్చుని నవ్వుతుంటే ఆ మాటకు ఆమోదముద్ర పడినట్టే ఉంటుంది.

1984 అక్టోబరు 20న జెస్సీ జాక్సన్ వచ్చాడు. అదే ఏడాది డెమోక్రాటిక్ పార్టీ తరఫున అధ్యక్ష అభ్యర్థిత్వానికి పోటీపడిన నల్లజాతి నాయకుడు. ఆయన ఒక స్కిట్లో క్విజ్ మాస్టర్ వేషం వేశాడు. ప్రశ్న చదవడం, పోటీదారు జవాబు చెప్పబోతుంటే ఆపి, అసలు ఈ ప్రశ్నకే అర్థం లేదని కొట్టేయడం. ప్రతి ప్రశ్నకూ అదే. చూస్తే నవ్వు ఆగదు. నాయకులు ప్రశ్నలను ఎలా పక్కకు నెడతారో ఒక నాయకుడే చేసి చూపించాడు కాబట్టి అది మంచి హాస్యం. ఆయన తన పని మీద తానే నవ్వాడు. బలహీనుడి మీద కాదు.

బ్రిటన్‌లో బీబీసీ 'హ్యావ్ ఐ గాట్ న్యూస్ ఫర్ యూ' అనే కార్యక్రమం 1990లో మొదలుపెట్టింది. వారం వార్తల మీద ప్రశ్నలు, వాటికి వెటకారపు జవాబులు. మొదట్లో నాయకులు జవాబు చెప్పే కుర్చీలోనే కూర్చునేవారు. 1993లో లేబర్ పార్టీ మాజీ ఉపనాయకుడు రాయ్ హాటర్స్‌లీ వస్తానని చెప్పి మూడోసారి కూడా రాకపోతే, ఆయన కుర్చీ ముందు పంది కొవ్వు డబ్బా ఒకటి పెట్టి కార్యక్రమం నడిపించారు! 2002లో అక్కడి శాశ్వత వ్యాఖ్యాతను తొలగించాక వారానికొక అతిథి వ్యాఖ్యాత పద్ధతి వచ్చింది. అప్పటినుంచి నాయకులు కూడా ప్రశ్న అడిగే కుర్చీలోకి వచ్చారు.

బోరిస్ జాన్సన్ సంగతి ఇక్కడే చూడాలి. 1998లో ఆయన ఆ కార్యక్రమానికి జవాబు చెప్పే కుర్చీలో వచ్చాడు. అప్పటికింకా పత్రికా రచయిత. ఒక విలేఖరిని కొట్టించాలనుకున్న మిత్రుడితో ఆయన జరిపిన పాత ఫోన్ సంభాషణ గురించి అక్కడ నిలదీశారు. ఆయన ఇబ్బంది పడ్డాడు. 2001లో ఎంపీ అయ్యాడు. ఆ తర్వాత అదే కార్యక్రమానికి పలుమార్లు వ్యాఖ్యాతగా వచ్చాడు. తడబడుతూ, జుట్టు చెరుపుకుంటూ నవ్వించాడు. దానికి 2004లో బాఫ్టా అవార్డు నామినేషన్ కూడా దక్కింది. 2008లో లండన్ మేయర్, 2019లో ప్రధానమంత్రి. 2022లో దిగిపోయాడు. టీవీ నవ్వే ఆయనను ప్రధానిని చేసిందంటే అది అతిశయోక్తి. కానీ ప్రశ్నకు ఇబ్బంది పడిన మనిషి ప్రశ్నలు అడిగే కుర్చీలోకి మారడం చిన్న సంగతి కాదు. జనానికి ఫోన్ సంభాషణ కంటే చెదిరిన జుట్టే ఎక్కువ గుర్తుండిపోయింది.

ఈ నవ్వుకు విలువ ఉందని అమెరికా చట్టం కూడా ఒప్పుకుంటుంది. ఒక అభ్యర్థికి టీవీలో అవకాశమిస్తే పోటీలో ఉన్న మిగతావారు అడిగినప్పుడు సమాన సమయం ఇవ్వాలి. 2015 నవంబరు 7న అధ్యక్ష పదవికి పోటీలో ఉన్న డొనాల్డ్ ట్రంప్ 'సాటర్‌డే నైట్ లైవ్' నడిపాడు. ఆయన సుమారు 12 నిమిషాలు తెర మీద ఉన్నాడని లెక్కగట్టారు. అడిగిన కొందరు పోటీదారులకు ఎన్‌బీసీ స్టేషన్లు అంత సమయమూ ఉచితంగా ఇచ్చాయి. జోకులు వేసిన 12 నిమిషాలనూ ప్రచారంగానే లెక్కించారన్నమాట.

ఇంత దూరం వెళ్లి వచ్చాక మన హాస్టల్ సంగతి ఒకటి చెప్పాలి. మేము పదో తరగతిలో ఉన్నప్పుడు వార్షికోత్సవానికి ఒక ప్రజాప్రతినిధి ముఖ్య అతిథిగా వచ్చారు. అప్పుడు స్నానాల దగ్గర నాలుగు కుళాయిలుంటే రెండే పనిచేసేవి. తెల్లవారకముందే బకెట్ల వరుస మొదలయ్యేది. దాని మీదే మేమొక స్కిట్ వేశాం. అర్జీ కూడా రాసి పెట్టుకున్నాం. స్కిట్ అయిపోగానే అతిథి గారు నవ్వుతూ వచ్చి మైకు అందుకున్నారు. "మీ హాస్టల్ పప్పులో ఈత కొట్టొచ్చట కదా, మళ్లీ స్నానానికి నీళ్లెందుకురా?" అన్నారు. హాలంతా గొల్లుమంది. నిజానికి మంచి జోకే. మేమూ నవ్వాం. ఆ నవ్వుతో కుళాయిల మాట అక్కడితో ముగిసిపోయేదే. పాట పాడేవాళ్లను పిలుస్తున్నారు కూడా. ఇంతలో తొమ్మిదో తరగతి తమ్ముడొకడు లేచి, "సార్, పప్పులో ఈత కొట్టాక ఒళ్లు కడుక్కోవాలి కదా సార్!" అన్నాడు. హాలు ఇంకా గట్టిగా నవ్వింది. ఈసారి అతిథి గారు కూడా మనసారా నవ్వి, అర్జీ తెమ్మని పక్కనున్న అధికారి చేతికి ఇచ్చారు. మూడు నెలలకు మిగతా రెండు కుళాయిల్లో నీళ్లు వచ్చాయి.

ఆ తమ్ముడు పెద్దమనిషిని అవమానించలేదు. జోకును కాదనలేదు. జోకు దగ్గర ఆగిపోయిన ప్రశ్నను మళ్లీ ముందుకు నడిపించాడు. మైకు పెద్దవాళ్ల చేతుల్లో ఉన్నా ప్రశ్న మాత్రం మన దగ్గరే ఉందని గుర్తుపెట్టుకున్నాడు.

నాయకులు నవ్వకూడదని మా మాట కాదు. కూలిపనుల ఇళ్ల నుంచి వచ్చిన పిల్లలం మనం. నాయకుడంటే మెడ పైకెత్తి వేదిక మీదికి చూడటమే మనకు అలవాటు. ఆయన కూడా మనలాగే నవ్వే మనిషని తెలిస్తే భయం పోతుంది. అది మంచిదే. కానీ భయం పోయిన చోట భక్తి మొలవకూడదు. రాజకీయాల్లో వ్యక్తిపూజ పతనానికీ, చివరకు నియంతృత్వానికీ దారి అని బాబాసాహెబ్ అంబేడ్కర్ 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో హెచ్చరించారు. పూర్వం భక్తి దండలతో, పాదాభివందనాలతో వచ్చేది. ఇప్పుడు నవ్వుతో కూడా వస్తుంది. "మనోడేరా, భలే నవ్విస్తాడు" అనుకున్నాక స్కాలర్‌షిప్ ఎందుకు రాలేదని అడగడానికి నోరు రాదు. స్నేహితుణ్ణి లెక్క అడిగినట్టు మొహమాటం వేస్తుంది.

తమ్ముళ్లారా, ఈ ఏడు కూడా వార్షికోత్సవంలో మీరు స్కిట్లు వేస్తారు. నల్లటివాడి మీదా, నత్తివాడి మీదా కాకుండా, మెస్ పప్పు మీదా, బల్లల మీదా, మాలాంటి సీనియర్ల మీదా వేయండి. ముఖ్య అతిథి మైకు అందుకుని జోకు వేస్తే చప్పట్లు కొట్టండి. కాకపోతే అర్జీ మాత్రం రెండు కాపీలు రాసిపెట్టుకోండి. ఒకటి ఆయనకివ్వండి. రెండోదాని మీద అందినట్టు సంతకం, తేదీ వేయించుకుని ఆఫీసు ఫైలులో దాచండి. ఆ తర్వాత ఎంతసేపైనా హాయిగా నవ్వుకోండి.