ఏరు

జనగామ నుంచి కొత్తగూడ మండలానికి బదిలీ మీద వెళ్లిన మొదటి ఏడాది అది. ఇప్పుడు మహబూబాబాద్ జిల్లా, అప్పటికి వరంగలే. ఒకటో తరగతిలో బల్ల మీద చెంబు పెట్టి, "ఇందులో ఏమున్నయి?" అని అడిగాను. ముందు వరుసలోని కోయ పిల్ల ఠక్కున "ఏరు" అంది.

నవ్వాను. "ఏరు చెంబులో పడుతదా? అది వానాకాలం ఊరి పక్కన పారేది. ఇవి నీళ్లు. అను, నీళ్లు." నేను నవ్వాను కాబట్టి పిల్లలూ నవ్వారు. ఆమె "నీళ్లు" అంది. దసరా సెలవుల దాకా నేనన్న మాటను తిరిగి అనడమే తప్ప తనంతట తాను నోరు విప్పలేదు. నెమ్మదస్తురాలని అనుకున్నాను. అలా అనుకోవడం నాకు సులువు.

మధ్యాహ్న భోజనం వండే అక్క ఒకరోజు బిందె దించుతుంటే ఆ ముచ్చట నవ్వుతూ చెప్పాను. ఆమె నవ్వలేదు. "మా బాసల నీళ్లనే ఏరంటం సారూ" అంది.

తర్వాతెప్పుడో బరో, ఎమెనోల ద్రావిడ నిఘంటువు తిరగేస్తే, కోయ ఏరు, తెలుగు ఏరు ఒకే మూలం నుంచి వచ్చినవని తెలిసింది. ఆ పిల్ల మాటకూ నా మాటకూ ఉన్న చుట్టరికం నాకే తెలియలేదన్నమాట. సిగ్గుపడాల్సిన సంగతి ఇంకొకటుంది. నా చిన్నప్పుడు "అంగి" అన్నందుకు "చొక్కా అనరా" అనిపించుకున్నవాణ్ణి నేను. దేశి మాటకు పట్టం కట్టి, జాను తెనుగులో కావ్యాలు రాసిన పాల్కురికి సోమన ఊరు పాలకుర్తి మా జనగామ జిల్లాలోనే ఉంది. అయినా కొత్తగూడలో ఆ బెత్తం నా చేతికొచ్చింది. దెబ్బ తిన్నవాడికి నొప్పి గుర్తుంటుందని మనం ఎందుకు నమ్ముతామో!

2004లో ఉమ్మడి రాష్ట్రంలో కోయ, బంజారా, గోండి సహా ఎనిమిది గిరిజన భాషల్లో, తెలుగు లిపితోనే, చిన్న తరగతుల బోధన మొదలైంది. గొప్ప ప్రయత్నమే. కానీ నా తరగతిలో కోయ పిల్లల పక్కనే లంబాడ (బంజారా) పిల్లలు. ఏ వాచకం తెరవాలి? పాఠాలు రాయడానికి కూర్చున్నప్పుడు మేం పంతుళ్లం చేసిందల్లా బొమ్మలు మార్చడం. మిద్దె బదులు గుడిసె, మామిడి బదులు ఇప్పచెట్టు. మాట మాత్రం మాదే.

తండా నుంచి వచ్చిన ఒక తండ్రి, "మా బాస మేం ఇంట్ల నేర్పుకుంటం సారూ, మీరు ఇంగ్లీషు చెప్పుండ్రి" అన్నాడు. ఆయనది తప్పని అనలేను. 2022-23 నుంచి సర్కారు బడి పుస్తకంలో ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లీషు. ఆ రెండు పేజీల్లోనూ ఆయన ఇంటి మాట లేదు. ఆ సంగతీ ఆయనకు తెలుసు.

కొత్తగూడలో నాకు చేతనైంది చిన్న పని. గోడకు చార్టు కట్టి ఒక్కో వస్తువుకు మూడు మాటలు రాయించాను. తెలుగులో నీళ్లు, కోయలో ఏరు, లంబాడలో పాణి. పిల్లలు చెప్పేవారు, నేను రాసేవాణ్ణి. నేను తప్పు పలికితే విరగబడి నవ్వేవారు. ఆ నవ్వుకు నేను బాకీ ఉన్నాను కూడా. సంక్రాంతి దాటాక ఆ పిల్ల లేచి నా అక్షరం ఒకటి దిద్దింది.

చివరి కొలువు భూపాలపల్లి జిల్లాలో. కాళేశ్వరం దగ్గర గోదావరి దాటితే మహారాష్ట్రలోని సిరోంచ. అక్కడ ఎన్నో ఇళ్లలో తెలుగే మాట్లాడతారు, సర్కారు బడి మాత్రం మరాఠీది. అక్కడ మొదటి బెంచీలో కూర్చొని, చెంబు చూసి "నీళ్లు" అనే పిల్ల మనదే.

తోటి పంతుళ్లకు ఒక్క మనవి. రేపు బడికి వెళ్లగానే మీ పిల్లలు ఇంట్లో నీళ్లను ఏమంటారో అడగండి. జవాబు విన్నాక వెంటనే దిద్దకండి.